పన్నెండు మీటర్ల కుట్టు

ఆ ఇంట్లో నీలం బకెట్టు ఒకటి వేరేగా ఉంటుంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. సాయంత్రం ఆరింటికి ఆమె పని నుంచి వచ్చి, పెరటి గుమ్మంలోంచి నేరుగా స్నానాల గదికి వెళ్తుంది. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, తలకి చుట్టుకున్న గుడ్డ ఆ బకెట్లో పడేసి చన్నీళ్ళు గుమ్మరించుకుంటుంది. వేడినీళ్ళు పనికిరావు. వేడికి చర్మం విచ్చుకుని, కంటికి కనపడని గాజు పీచులు ఇంకా లోపలికి దిగుతాయి. ఒళ్ళు రుద్దుకోనూ కూడదు. వాటంతట అవే నీళ్ళతో జారిపోవాలి. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. ఆ స్నానం కాకుండా కన్న కూతుర్ని కూడా ఏనాడూ ఎత్తుకోలేదు. ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర నర్సుగా చేస్తున్న ఆ పిల్ల, చిన్నప్పుడు బడిలో ‘మా అమ్మ ఎప్పుడూ తడిగా ఉంటుంది’ అని చెప్పి వచ్చిందట.

ఆమెకి యాభై రెండేళ్ళు. పాలపొడి ఫ్యాక్టరీలో గొట్టాలకి గ్లాస్ వుల్ చుట్టడం ఆమె పని. సరుకు పచ్చగా, మెత్తగా దూదిలా ఉంటుంది కాబట్టి ఆమెకి దూదక్క అని పేరు పడిపోయింది. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి ఇంజినీరు దాకా అందరూ అలాగే పిలుస్తారు. ఇంట్లో అత్తగారికి మాత్రం ఆ పేరు గిట్టదు.

“దూది పని అన్నారు, పరుపుల కొట్టేమో అనుకున్నాం. తీరా చూస్తే ముళ్ళ పని. నా కొడుకు చొక్కాలు ఆ బకెట్లో వేశావో, చూడు మరి!” అంటుంది ఆవిడ, ఇరవై ఆరేళ్ళుగా, వారానికి ఒక్కసారైనా.

కొత్తగా పనిలో చేరినవాళ్ళకి దూదక్క మొదటిరోజు పాఠం చెప్తుంది. ఇసుక, పగిలిన సీసాలు కొలిమిలో కరగబెట్టి, పీచుమిఠాయి తిప్పినట్టు గిరగిరా తిప్పితే ఈ పీచు వస్తుంది. పుట్టిందే నిప్పులో కాబట్టి అగ్గిపుల్ల గీసి పెట్టినా అంటుకోదు. అది చెప్పి, నిజంగానే ఓ పుల్ల గీసి చూపిస్తుంది. ఆ తర్వాత ఓ ముక్క వాళ్ళ చేతిలో పెట్టి అడుగుతుంది.

“ఇందులో వేడిని ఆపేది ఏంటి?”

“గాజు.”

“కాదు, గాలి. ఈ పీచుల మధ్య ఇరుక్కుపోయి కదల్లేని గాలి. కదల్లేనిది వేడిని మోసుకుపోలేదు. గట్టిగా ఉండాలని నొక్కి కట్టారనుకో, గాలి పోయింది. తడిపారనుకో, గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరాయి. ఇంక మీరు చుట్టింది పాత కంబళే. నొక్కొద్దు, తడపొద్దు. మిగతాది చూసి నేర్చుకోండి.”

ఆ మిగతాదాన్ని ఆమె నేర్చుకుంది ఫ్యాక్టరీలో కాదు, ఇంట్లో. భర్త దర్జీ. ఆమె కూలికి చేరిన కొత్తలో గొట్టాలు వంపు తిరిగేచోట అల్యూమినియం రేకు ఎవరికీ కుదిరేది కాదు. నలిపి, సుత్తితో బాది, ఎలాగో మూసేసేవాళ్ళు. ఆమె ఇంటికి వచ్చి భర్త చేతి కింద పాత న్యూస్ పేపరు పరిచింది.

“ఏమండీ, మోచేతి దగ్గర చొక్కా చెయ్యి వంగాలంటే ఎలా కత్తిరిస్తారు?”

“ఎవరి చెయ్యి?”

“ఇనప చెయ్యి. ఇంత లావు.”

ఆయన కొంచెంసేపు నవ్వి, పేపర్ని ఏడు బద్దలుగా కత్తిరించి ఇచ్చాడు. ఆ ఏడు బద్దల్ని మర్నాడు రేకు మీద గీసి, కోసి, ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి వంపు మూసింది. గుమ్మడికాయ తొనల్లా చక్కగా కూర్చుంది. ఆ వారమే ఆమెని కూలీల వరస నుంచి తీసి పనివాళ్ళ వరసలో వేశారు. ఆ ఫ్యాక్టరీలో రేకు అతుకుని ఇప్పటికీ అందరూ ‘కుట్టు’ అనే అంటారు. ఆమె పెట్టిన మాటే అది. ఆమె మూడో సూత్రం కూడా దాని గురించే: ఆరుబయట గొట్టమైతే కుట్టు కిందికి ఉండాలి. గడియారంలో నాలుగు అంకె ఉండే చోట అతుకు రావాలి, పై రేకు అంచు కింది అంచు మీదికి దిగాలి. అప్పుడు వాన నీళ్ళు దాని మీదుగా జారిపోతాయి, లోపలికి పోవు.

బాయిలర్ గది నుంచి పాలు ఎండబెట్టే టవరు దాకా నూట అరవై మీటర్ల ఆవిరి గొట్టం ఉంది. లోపల నూట డెబ్భై డిగ్రీల వేడి. ఆ ఆవిరితో గాలిని వేడి చేసి టవర్లోకి వదిలితే, పైనుంచి తుంపరగా పడే పాలు కిందికి చేరేసరికి పొడి అవుతాయి. ఆ నూట అరవై మీటర్లూ పద్దెనిమిదేళ్ళ కిందట దూదక్క చుట్టినవే. రెండేసి అంగుళాల పొరలు రెండు, పైన రేకు. ప్రతి రేకు లోపలివైపు తారీఖు, పొరలెన్నో మార్కరుతో రాసి మూసింది. ఎవరూ చూడని రాత ఎందుకని అడిగితే, “విప్పినవాడికి మనం ఏం చేశామో తెలియద్దూ?” అంది.

అందులో ఒక్క ముక్క అంటే ఆమెకి ప్రాణం. బాయిలర్ గది దాటాక పన్నెండు మీటర్ల మేర గొట్టం గోడ పక్కనే పోతుంది. ఎదురుగా, వచ్చేపోయేవాళ్ళు నడిచే దారి. అక్కడి రేకు అద్దంలా, ఒక్క కుట్టయినా కనిపించకుండా, ఒకే వెండి కడ్డీలా ఉంటుంది. ఇంటివాళ్ళని లోపలికి రానిచ్చిన రోజున భర్తని తీసుకెళ్ళి చూపించింది. ఫ్యాక్టరీకి వచ్చిన పెద్దలు అక్కడే ఆగి మెచ్చుకున్నారని వినగానే ఆమె ఛాతీ రెండంగుళాలు పొంగింది.

ఈ ఏడు వానలు పట్టుకున్న రెండో వారం నుంచి పాలపొడి తడితడిగా, ఉండలు కట్టి రావడం మొదలైంది. గొట్టం అవతలి కొసకి ఆవిరి చల్లబడి చేరుతోంది. ఎనిమిది నెలల కిందట వచ్చిన కొత్త ఇంజినీరు రెండు రోజులు లెక్కలు చూసి, తేల్చాల్సింది ఒక్కటే అన్నాడు: అయితే పాత గ్లాస్ వుల్ పాడైపోయి దారిలో వేడి పోతోంది, లేకపోతే బాయిలర్ మేస్త్రీ సరిగ్గా మండించడం లేదు.

ఈ తేలడంలో దూదక్కకి ఇంకో సంగతి కూడా ఉంది. పక్క స్థలంలో కొత్త ప్లాంటు లేస్తోంది. రెండువేల మూడువందల మీటర్ల గొట్టాలు. గొట్టం సైజుకి అచ్చు పోసిన గ్లాస్ వుల్ చిప్పలు తెచ్చి బిగించి పోయే బయటి కంపెనీకి ఆ పని ఇవ్వాలా, దూదక్క జట్టుకి ఇవ్వాలా అన్నది ఇంజినీరు చేతిలో ఉంది. అతను దాపరికం లేని మనిషి. మొహం మీదే చెప్పాడు. “మీ పాత లైను బావుందని తేలితే కొత్తది మీకే, అమ్మా. లేదంటే నేనేం చెయ్యలేను.”

పరీక్ష రోజున ముగ్గురూ గొట్టం వెంట నడిచారు. ఇంజినీరు చేతిలో తుపాకీలాంటి పరికరం. రేకుకి గురిపెట్టి మీట నొక్కితే వేడి ఎంతో అంకె పడుతుంది. వెనకాల చేతులు కట్టుకుని బాయిలర్ మేస్త్రీ. దూదక్క కంటే ఐదేళ్ళు పెద్దవాడు. పంతొమ్మిదేళ్ళుగా ఒకరినొకరు దెప్పుకోకుండా టీ తాగింది లేదు.

“ఏం చెల్లెమ్మా, నీ దూది చివికిపోయిందటగా?”

“నీ బాయిలరు మూలగడం మానిందా ముందు, అన్నయ్యా?”

అంకెలు పడుతున్నాయి. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ముప్పై ఒకటి. గోడ పక్కన ముప్పై తొమ్మిది. మళ్ళీ ముప్పై రెండు. ఇంజినీరు మొహం విప్పారింది.

“ఎక్కడా నలభై దాటలేదు. పద్దెనిమిదేళ్ళ పనమ్మా ఇది! మా కాలేజీలో చూపించాల్సింది.” అప్పుడు మేస్త్రీ వైపు తిరిగాడు. “మరి మీ సంగతేంటి? గొట్టం బావుంది కాబట్టి తేడా మీ దగ్గరే. సోమవారం నుంచి మీరు సంచుల గోదాముకి వెళ్ళండి. బాయిలర్‌కి వేరేవాళ్ళని పెడతాను.”

మేస్త్రీ కట్టుకున్న చేతులు విప్పాడు. “పుస్తకంలో గంట గంటకీ స్టీము అంకెలు రాస్తున్నాను సార్. పొద్దున్నే లేచి స్టీము పుట్టిస్తున్నానా, పేకాడుతున్నానా?” అన్నాడు. ఇంజినీరు అప్పటికే ముందుకి నడిచాడు.

దూదక్క అక్కడే ఉండిపోయింది. గోడ పక్కనుంచి వస్తూ, అలవాటు కొద్దీ కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళ వెనకవైపు రేకుకి ఆనించింది. చెయ్యి చుర్రుమంది. ముప్పై తొమ్మిదంటే చంటిపిల్లకి వచ్చే జ్వరం. అది చెయ్యి వెనక్కి లాక్కునేలా చెయ్యదు.

ఆ సాయంత్రం స్నానం చేసి దర్జీ షెడ్డులోకి వెళ్ళి కూర్చుంది. రేకుల కప్పు కింద ఆ షెడ్డు ఒకప్పుడు ఎండాకాలం కొలిమిలా ఉండేది, వానొస్తే చెవులు చిల్లులు పడేవి. ఫ్యాక్టరీలో చీటీ రాయించుకుని తెచ్చిన మిగులు ముక్కల్ని ఆమె కప్పు కింద పరిచి చెక్కలు కొట్టాక, లోపల మిషను చప్పుడు బయటికి పోదు, బయటి ఎండ లోపలికి రాదు. ముళ్ళ పని అని దెప్పే అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసేది అక్కడే.

“గోడ పక్క ముక్క పోయిందండీ,” అంది.

భర్త మిషను ఆపాడు. “నన్ను తీసుకెళ్ళి చూపించిందేనా? కుట్టే కనిపించని ముక్క?”

“అదే. గోడవైపు, రేకు అంచులు బిగించే రివెట్ల మిషను దూర్చడానికి సందు లేదు. ఇవతల వేస్తే దారి పొడుగునా రివెట్లు కనిపిస్తాయి. అందుకని...”

“పైన వేశావు.”

“పైన వేసి, నీళ్ళు దిగకుండా పేస్టు పూశాను. పదేళ్ళు ఆగుతుందది. పద్దెనిమిదేళ్ళయింది. నిరుడే ఎండి చిట్లి ఉంటుంది.”

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. “ఆ రోజే అడుగుదామనుకున్నా, కుట్టెక్కడే అని. నువ్వు అంత మురిసిపోతుంటే నోరు రాలేదు.”

“అడగాల్సింది. మీరు కుట్టిన ప్రతి జాకెట్టూ తిరగేసి చూస్తాను కదా నేను!”

“అడిగితే విన్నట్టే!” అని మూల మంచం మీంచి అత్తగారు. నిద్రపోతోందనుకున్నారు ఇద్దరూ. “ఊళ్ళోవాళ్ళందరికీ కిందికి కుట్టండి, కిందికి కుట్టండి అని పాఠాలు. నీకు మాత్రం షోకు.” ఆవిడ అటు తిరిగి పడుకుంది. “ఆ బాయిలరు మనిషికి ఇద్దరు ఆడపిల్లలు కాదూ?” అంది గోడకేసి చూస్తూ.

“ముగ్గురు అత్తయ్యా,” అంది దూదక్క.

మర్నాడు ఇంజినీరు గదిలోకి నల్ల టేపు చుట్టతో వెళ్ళింది. ఎలక్ట్రీషియన్లు వాడే మామూలు టేపు.

“సార్, మీ తుపాకీ అబద్ధం చెప్తోంది.”

అతను తలెత్తాడు.

“మెరిసే రేకు అద్దంలాంటిది. తన వేడి దాచుకుని చుట్టుపక్కలది చూపిస్తుంది. మీరు నిన్న చదివింది గొట్టం వేడి కాదు, నీడపట్టున గాలి వేడి. ఆరేళ్ళ కిందట బీమా కంపెనీ ఆయనొకరు వచ్చి, ముందు ఈ టేపు అంటించి, అది కాగాక టేపుకి గురిపెట్టాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. నల్లది ఉన్నదున్నట్టు చెప్తుందట.”

ఇంజినీరు చెవులు ఎర్రబడ్డాయి. అది అతని పుస్తకాల్లో కూడా ఉన్న విషయమే. “నిన్నే చెప్పొచ్చు కదా?”

“నిన్న చెప్పడానికి కొంచెం కష్టమైంది సార్. రండి.”

పది మీటర్లకొక చోట అరచేతి వెడల్పున టేపు అంటించారు. పావుగంట ఆగి చదివారు. నలభై ఒకటి. నలభై మూడు. నలభై రెండు. నలభై ఒకటి. గోడ పక్కన ఎనభై నాలుగు.

ఇంజినీరు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎనభై నాలుగే. “వేరేచోట్ల కంటే ఇక్కడ రెట్టింపు. ఎందుకు?”

“కుట్టు పైనుంది. వేసింది నేనే.”

ఎదురుగా జట్టులో ఐదుగురు ఆడవాళ్ళు నిలబడి వింటున్నారు. ఆమె పాఠం చెప్పి పనిలో పెట్టినవాళ్ళు. దూదక్క గొంతు తగ్గించలేదు. డ్రిల్లు తీసుకుని నిచ్చెనెక్కి, తనే రివెట్లు తొలిచి, ఒక మీటరు రేకు విప్పింది. ముందు నీళ్ళు కారాయి, తర్వాత భుగభుగమని ఆవిరి లేచింది. లోపల గ్లాస్ వుల్ నానిన అట్టముక్కలా గొట్టానికి అంటుకుపోయి ఉంది. నాలుగంగుళాలు ఉండాల్సింది ఒకటిన్నరకి దిగిపోయింది.

మేస్త్రీ కింద నుంచి మెడ చాచి చూశాడు. “అదుగో నా స్టీము! టవరుకి పంపిస్తుంటే దారిలో ఇక్కడ స్నానాలు చేస్తోందన్నమాట!”

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. దూదక్కకి కూడా నవ్వొచ్చింది, ఆపుకుంది. విప్పిన రేకు కిందికి అందిస్తే ఇంజినీరు లోపలివైపు తిప్పాడు. నీళ్ళ మరకల మధ్య మార్కరు రాత చెక్కు చెదరలేదు. తారీఖు. రెండు పొరలు. దాని కింద ఇంకో ముక్క: ‘కుట్టు పైన వేశాను. పేస్టు పెట్టాను. చూస్తుండాలి.’

అది రాసినట్టు ఆమెకే గుర్తులేదు.

“ఇంక ఆ పక్క ముక్క కూడా విప్పుతాను, చూడండి,” అంది. ఇంజినీరు అక్కర్లేదన్నాడు. ఆమె వినలేదు. గోడ దాటిన చోట, కుట్టు కిందికి ఉన్న రేకు విప్పింది. పద్దెనిమిది వానాకాలాలు చూసిన గ్లాస్ వుల్ నిన్న చుట్ట విప్పి చుట్టినట్టుంది. పొడిగా, పచ్చగా. గొట్టాన్ని ఆనుకున్న చోట మాత్రం కొంచెం గోధుమరంగు తిరిగింది. ఇంజినీర్ని నిచ్చెనెక్కించి బొటనవేలితో నొక్కమంది. వేలు దిగింది. తీయగానే గుంట పూడి మళ్ళీ పైకి లేచింది. అతను స్కేలు పెట్టి కొలిచాడు. నాలుగంగుళాలకి నూలుపోగంత తక్కువ.

నిచ్చెన మీద నిలబడిన ఆ మనిషి మొహం చూసినవాళ్ళు, అంతకు పావుగంట ముందు తన తప్పు తనే విప్పి చూపించిన మనిషి ఈమేనా అనుకుని ఉంటారు. తల ఎత్తే ఉంది. నూట అరవైలో నూట నలభై ఎనిమిది మీటర్లు అలాగే ఉన్నాయి, ఆ సంగతి ఆమెకి తెలుసు.

ఇంజినీరు కిందికి దిగి, మొదట మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. “మీ పుస్తకంలో అంకెలు నిజమే. పొరపాటు నాది. మీరు బాయిలరు దగ్గరే ఉండండి.”

“నేను నిజమే చెప్తానని మా ఆవిడకి కూడా ఓ చీటీ రాసివ్వండి సార్. ముప్పై ఏళ్ళుగా నమ్మడం లేదు.”

తర్వాత దూదక్క వైపు తిరిగాడు. “ఇవాళ మీరు నోరు మెదపకపోతే కొత్త ప్లాంటు మీదే అయ్యేది. ఆ మాట తెలిసే వచ్చారా?”

“తెలుసు సార్. మళ్ళీ ఏడు మళ్ళీ వానలొస్తాయని కూడా తెలుసు.”

అతను ఆమెని తన గదికి రమ్మన్నాడు. బల్ల మీద కొత్త ప్లాంటు డ్రాయింగులు పరిచి ఉన్నాయి. ఆమె వాటిని భర్త పేపరు కొలతలు చూసినట్టే వంగి, వేలితో గొట్టాల వెంట నడుస్తూ చూసింది. మూడు చోట్ల వేలు ఆగింది.

“ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ గొట్టం గోడని ఆనుకుని పోతోంది. ఇలాగే ఉంచేట్టయితే ఈ పని నాకొద్దు, ఇంకెవరికైనా ఇచ్చుకోండి. వాళ్ళూ కుట్టు పైనే వేస్తారు.”

“ఎంత సందు కావాలి?”

ఆమె పని సంచిలోంచి రివెట్ల మిషను తీసి పట్టుకుని, పిడికిలి గోడకి ఆనించి నిలబడింది. ఇంజినీరు స్కేలు తీసి గోడ నుంచి మిషను కొస దాకా కొలిచాడు. ఇరవై రెండు సెంటీమీటర్లు. ఎర్ర పెన్సిలుతో మూడు చోట్లా ఆ అంకె వేసి, కింద ‘దూదక్క జట్టు’ అని రాసి సంతకం చేశాడు.

ఆదివారం ఆవిరి ఆపి, దూదక్క జట్టు గోడ పక్క పన్నెండు మీటర్లూ ఊడదీసి కొత్తగా చుట్టింది. ఈసారి కుట్టు దారివైపు, నాలుగు అంకె ఉండే చోట. అరడుగుకొకటి, ఎనభై రివెట్లు, వచ్చేపోయేవాళ్ళ కంటికి ఎదురుగా. వరస ఎక్కడా వంకర లేదు. రేకు మూసే ముందు తారీఖు, రెండు పొరలు అని రాసి, జట్టులో అందరికంటే కొత్తగా చేరిన ఆమెకి మార్కరు అందించింది.

“కుట్టు కిందికి అని రాయి.”

సోమవారం మధ్యాహ్నం పెద్ద వాన. అది వెలిసాక ఇంజినీరు, మేస్త్రీ, దూదక్క గోడ దగ్గరికి వెళ్ళారు. నల్ల టేపు మీద నీళ్ళు తుడిచి, ఆరనిచ్చి, మీట నొక్కారు.

నలభై రెండు.